గాలి పొర దాటి చూసిన ఆకాశం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద ఎవరో ఒకరు విద్యను గురించి మాట్లాడతారు. చదువుకోండి, చదివించండి అని చెప్పి దిగిపోతారు. అది మంచి మాటే. కాని చదువులో రుచి ఏమిటో చూపకుండా చదవమంటే, వంట వాసనైనా చూపకుండా అన్నం తినమన్నట్లు ఉంటుంది. అందుచేత కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఈసారి ఒక్క విషయమే తీసుకొని దాని రుచి చూపించాలని అనుకున్నాము. మేము ఉర్దూ మీడియం బడిలో సామాన్య శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులము. పెద్ద శాస్త్రవేత్తలము కాము. తరగతిలో చెప్పే తీరునే ఇక్కడ కూడా చెప్పుకుంటాము. విషయం ఏమంటే, అంతరిక్షంలోకి పరికరాలు పంపి సూర్యుణ్ని, గ్రహాలను, నక్షత్రాలను, పాలపుంతలను మనిషి ఎలా చూస్తున్నాడు, చూసి ఏమి తెలుసుకున్నాడు అన్నది.

మొదట ఒక ప్రశ్న వస్తుంది. ఆకాశం ఇక్కడి నుంచే కనిపిస్తుంది కదా, పైకి వెళ్లి చూడటం ఎందుకు? నక్షత్రాలు ఎన్నో కోట్ల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఐదారు వందల కిలోమీటర్లు పైకి వెళ్లినందువల్ల ఏమి దగ్గరవుతాము? ఇది తెలివైన ప్రశ్న. దగ్గర కావటానికి వెళ్లటం లేదు. గాలి పొర దాటటానికి వెళుతున్నాము. చెరువు అడుగున పడుకొని గట్టు మీది దీపాన్ని చూస్తే ఎలా ఉంటుంది? దీపం వణుకుతుంది, చెదురుతుంది. మనం కూడా గాలి అనే చెరువు అడుగున ఉన్నవాళ్లమే. నక్షత్రం మిణుకుమనటం నక్షత్రం గుణం కాదు, మధ్యనున్న గాలి కదలిక.

ఇంకో కారణం దీనికంటే పెద్దది. కంటికి కనిపించే వెలుగు చాలా కొద్ది. పాతకాలపు రేడియోలో ముల్లు ఈ చివర నుంచి ఆ చివరదాకా తిప్పితే ఎన్నో స్టేషన్లు వచ్చేవి. ముల్లు ఒకేచోట ఇరుక్కుపోయిన రేడియో లాంటిది మన కన్ను. దానికి ఒక్క స్టేషనే వినిపిస్తుంది. ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు, పరారుణ కిరణాలు, ఇవన్నీ కూడా వెలుగే. కాని ఎక్స్ కిరణాలను మన వాతావరణం పూర్తిగా మింగేస్తుంది, మిగతా రెంటిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ప్రాణులకు అది రక్షణ. ఆకాశాన్ని చదవాలనుకునేవాడికి మాత్రం అడ్డు. ఈ అడ్డు దాటాలంటే పైకి పోవలసిందే.

పైకి పోవటానికి మొదటి మెట్టు బెలూను. ఈ మెట్టు మన హైదరాబాదులోనే ఉంది. ఇ.సి.ఐ.ఎల్. వైపు టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం 1969 నుంచి పనిచేస్తున్నది. పెద్ద పెద్ద బెలూన్లకు దూరదర్శినులు, పరికరాలు కట్టి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. పని పూర్తయ్యాక పరికరాల పెట్టె పారాచూటుతో పొలాల్లో దిగుతుంది. పెట్టెను విప్పకండి, పోలీసులకు చెప్పండి అని జిల్లాల ప్రజలకు పత్రికల ద్వారా ముందే తెలియజేస్తారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక గుండ్రటి యంత్రం పొలంలో దిగితే జనం గుమికూడి, ఆకాశం నుంచి ఏదో వచ్చిందన్నారు. తీరా అది ఈ కేంద్రం నుంచే పంపిన పరీక్షా యంత్రం. ఇంటి పక్కన జరుగుతున్న శాస్త్రం మనకు తెలియకపోతే ఇలాగే ఉంటుంది.

బెలూన్ల తర్వాత రాకెట్లు, ఉపగ్రహాలు. 1962లో అమెరికావారు ఒక చిన్న రాకెట్టు మీద పరికరం పంపితే, వృశ్చిక రాశి వైపు నుంచి బలమైన ఎక్స్ కిరణాలు వస్తున్నట్లు తెలిసింది. ఆ రాకెట్టు గాలిపైన ఉన్నది కొన్ని నిమిషాలే. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుంచి, ఎక్స్ కిరణాలను చూడటానికే చేసిన మొదటి ఉపగ్రహాన్ని పంపారు. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకని దానికి ఉహురు అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం. అది మూడువందలకు పైగా ఎక్స్ కిరణాల మూలాలను పట్టికలోకి ఎక్కించింది. ఈ పనికి నాయకత్వం వహించిన రికార్డో జియకోనీకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశం వెనకబడి ఉండలేదు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్ నుంచి పంపిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టలో కూడా ఎక్స్ కిరణాల పరికరం ఉంది. కొద్ది రోజులకే విద్యుత్తు లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. అయినా పని వదిలిపెట్టలేదు. నలభై ఏళ్ల తర్వాత 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్లింది. ఎక్స్ కిరణాలను, అతినీలలోహితాన్ని, మామూలు వెలుగును ఒకేసారి చూడగల ఉపగ్రహం అది. ఐదేళ్లు పనిచేస్తే చాలునని పంపారు. ఐదేళ్లు దాటాక కూడా పనిచేసింది.

ఇప్పుడు సూర్యుని దగ్గరకు వద్దాము. సూర్యుని చుట్టూ కరోనా అనే పలుచని వెలుగు వలయం ఉంటుంది. సంపూర్ణ గ్రహణంలో తప్ప అది కంటికి కనిపించదు. అందుకే శాస్త్రవేత్తలు గ్రహణాల వెంట దేశదేశాలు తిరిగేవారు. 1868 ఆగస్టు 18నాటి గ్రహణాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీత వెంటపడగా పడగా, హీలియం అనే కొత్త మూలకం బయటపడింది. భూమి మీద దొరకక ముందే సూర్యునిలో దొరికిన మూలకం అది. మళ్లీ 1980 ఫిబ్రవరి 16న మన రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్ మీదుగా సంపూర్ణ గ్రహణం పోయింది. ఒక పక్క శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకొని కూర్చుంటే, మరో పక్క జనం తలుపులు వేసుకొని ఇళ్లలో ఉన్నారని, వీధులు ఖాళీ అయ్యాయని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు గ్రహణం కోసం ఎదురుచూడనక్కరలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న తన చోటికి చేరింది. ఆ చోటు మన నుంచి సూర్యుని వైపు 15 లక్షల కిలోమీటర్లు. వినటానికి చాలా దూరమే గాని, సూర్యుని దూరంలో నూరో వంతు మాత్రమే. అక్కడ రాత్రి లేదు, భూమి అడ్డం రాదు. దానిలో ఒక పరికరం సూర్యబింబాన్ని చిన్న పళ్లెంతో మూసినట్లు మూసి, కరోనాను చూస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు గ్రహణమే!

దీనివల్ల ప్రయోజనం ఉందా అంటే ఉంది. 1989 మార్చి 13న సూర్యుని నుంచి వచ్చిన తుఫాను తాకిడికి కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో కరెంటు పోయింది. 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉన్నారు. 2024 మే నెలలో అలాంటి పెద్ద తుఫాను వచ్చినప్పుడు మన లడఖ్‌లోని హాన్లే ఆకాశం కూడా ఎర్రబడింది. అంతరిక్షంలో కాపలా ఉంటే ఇలాంటివాటి రాక ముందుగా తెలుస్తుంది. ఉపగ్రహాలను, కరెంటు లైన్లను జాగ్రత్త చేసుకోవచ్చు. ఇక పార్కర్ అనే అమెరికా నౌక 2024 డిసెంబరు 24న సూర్యుని ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరి నుంచి పోయి క్షేమంగా బయటపడింది. సూర్యునికి అంత దగ్గరగా అంతకుముందు ఏ నౌకా పోలేదు.

గ్రహాల సంగతి త్వరగా చెబుతాము. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలు బృహస్పతిని, శనిని చూశాయి. రెండవది యురేనస్, నెప్ట్యూన్ల దాకా పోయింది. 1979 మార్చిలో వాయేజర్-1 దారి సరిచూడటానికని తీసిన ఒక ఫొటోలో లిండా మొరబిటో అనే ఉద్యోగినికి బృహస్పతి చందమామ ఒకదాని అంచున గొడుగులాంటి మేఘం కనిపించింది. అది అగ్నిపర్వతం. భూమి మీద కాక మరోచోట మండుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదలు. దారి చూసుకునే ఫొటో కదా అని ఆమె పక్కన పెట్టి ఉంటే? చిన్న పనిని శ్రద్ధగా చేసినవారికే పెద్ద సంగతి దొరుకుతుంది. ఆ వాయేజర్-1 ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటి పోయింది. మన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న, మొదటి ప్రయత్నంలోనే, అంగారకుని చుట్టూ తిరగటం మొదలుపెట్టి 2022 దాకా పనిచేసింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు మీ ఇళ్లలో టీవీల ముందు చప్పట్లు కొట్టారు, అది చెప్పనక్కరలేదు.

ఇక నక్షత్రాలు. ఇక్కడ మన హైదరాబాదుకు ఒక సొంత కథ ఉంది. మన పిల్లల్లో చాలామందికి అది తెలియదు.

నక్షత్రం ఎంత దూరమో ఎలా తెలుస్తుంది? పిల్లలూ, బొటనవేలు ముక్కుకు ఎదురుగా చాచి పట్టుకోండి. ఒక కన్ను మూయండి, తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు జరిగినట్లు కనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉంటే తక్కువ. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతూ ఆరు నెలల్లో 30 కోట్ల కిలోమీటర్ల అవతలికి పోతుంది. అవే రెండు కళ్లు అనుకోండి. కాని నక్షత్రం జరిగేది ఎంత? చార్మినారు దగ్గర ఒక రూపాయి బిళ్ళ పెట్టి మూడు కిలోమీటర్ల అవతలి నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో, అతి దగ్గరి నక్షత్రం జరిగేది ఇంచుమించు అంతే. మిగతావి ఇంకా ఎంతో తక్కువ. గాలిలో వణికే వెలుగుతో దీన్ని కొలవటం ఎంత కష్టమో ఊహించండి.

1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పట్టికలు వేయాలని నిశ్చయించి, ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో దేశపు వేధశాలకు పంచారు. నవాబ్ జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో దూరదర్శినులు తెప్పించి పెట్టిన వేధశాల మన నగరంలో ఉండేది. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. అదే బేగంపేటలోని నిజామియా వేధశాల. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని చేయవలసినవారు చేయలేకపోతే, ఆ పని హైదరాబాదు తీసుకున్నది. తర్వాత ఉత్తరాన ఇంకొంత భాగం కూడా తీసుకున్నది. గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి, చేతితో కొలిచి, అంకెలు రాసుకున్నారు. అలా ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. పన్నెండు సంపుటాలు. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు. ఎన్నో ఏళ్లు పట్టిన ఆ పనిలో కళ్లు పోగొట్టుకున్నంత కష్టం ఉంటుంది. పొగడ్త మాత్రం ఉండదు.

ఆ పుస్తకాలు ఏమయ్యాయి, దుమ్ము పట్టాయా అంటారేమో. వినండి. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని నక్షత్రాల స్థానాలు కొలవటానికి పంపారు. నక్షత్రం ఇప్పుడు ఎక్కడుందో అది చెప్పింది. కాని అది ఎటు కదులుతున్నదో గట్టిగా తెలియాలంటే వెనకటికి ఎక్కడుందో కూడా కావాలి కదా! అప్పుడు ఆ పాత పట్టికలు బయటికి తీశారు. లోకంలోని ఎన్నో వేధశాలలు కలిసి చేసిన ఆ పట్టికలో మన హైదరాబాదు పట్టీలు కూడా ఉన్నాయి. పాత స్థానాన్ని, ఉపగ్రహం చెప్పిన స్థానాన్ని పక్కపక్కన పెట్టి 2000 సంవత్సరంలో 25 లక్షల నక్షత్రాల పట్టిక వెలువరించారు. దాని పేరు టైకో-2. బేగంపేటలో కూర్చుని పేరు లేకుండా అంకెలు రాసినవారి కష్టం, వారు కలలో కూడా చూడని ఉపగ్రహానికి తోడుపడింది. మనం చేసే మంచి పని మన కాలంలోనే ఫలించాలని లేదు. ఆ తర్వాత వచ్చిన గయా ఉపగ్రహం 2013లో వెళ్లి 2025 జనవరి దాకా పరిశీలనలు చేసింది. ఇంచుమించు 200 కోట్ల నక్షత్రాలను కొలిచింది.

మాటల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇంగ్లీషువారి పుస్తకాల్లో నక్షత్రాలకు వేగా, ఆల్టేర్, ఆల్డెబరాన్, రైజెల్, బీటల్‌జూస్ అని పేర్లు కనిపిస్తాయి. మన ఉర్దూ పిల్లలు ఇవి ఇంగ్లీషు మాటలని భయపడతారు. ఇవన్నీ అరబ్బీ మాటలే! రిజ్ల్ అంటే కాలు, అది రైజెల్ అయింది. అద్-దబరాన్ అంటే వెంట వచ్చేది. తెలుగులో అదే రోహిణి. వేగా అంటే మన అభిజిత్తు, ఆల్టేర్ అంటే శ్రవణం. బీటల్‌జూస్ మన రైతులకు బాగా తెలిసిన ఆరుద్ర. ఒకే చుక్క, మూడు భాషల్లో మూడు పేర్లు. ఎవరి ఆకాశమూ వేరు కాదు.

అభిజిత్తు చుట్టూ దుమ్ము వలయం ఉందని 1983లో పంపిన ఐరాస్ అనే పరారుణ ఉపగ్రహం కనిపెట్టింది. వేరే నక్షత్రం చుట్టూ అలాంటి దుమ్ము దొరకటం అదే మొదలు. గ్రహాలు పుట్టేది ఇలాంటి సామగ్రి నుంచే. తన వేడిని తానే చూడకుండా ఆ దూరదర్శినిని ద్రవ హీలియంతో చల్లబరిచారు. గుంటూరు కథలో చెప్పిన ఆ హీలియమే. 2019 చివర ఆరుద్ర వెలుగు బాగా తగ్గితే, పేలిపోతుందేమోనని లోకమంతా అనుకున్నది. అది కక్కిన పదార్థం చల్లారి దుమ్ము మబ్బై అడ్డం వచ్చిందని హబుల్ దూరదర్శిని పరిశీలనలవల్ల తేలింది.

హబుల్ పేరు వచ్చింది కనుక దాని కథ కూడా చెప్పాలి. 1990లో పంపిన ఆ దూరదర్శిని అద్దం రెండున్నర మీటర్లకు కొద్దిగా తక్కువ. దాని అంచు, తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు తప్పుగా అరగదీశారు. ఆ మాత్రానికే బొమ్మలు మసకబారాయి. లోకం నవ్వింది. 1993 డిసెంబరులో మనుషులు పైకి వెళ్లి దానికి కళ్లజోడు పెట్టినంత పని చేసి వచ్చారు. తర్వాత 1995లో సప్తర్షి మండలం దగ్గర, ఏమీ లేదనుకున్న చిటికెడంత చోటు వైపు పది రోజులు అదేపనిగా చూపించారు. సమయం వృథా అన్నవారున్నారు. ఆ చిటికెడు చోటులో ఇంచుమించు మూడువేల పాలపుంతలు కనిపించాయి!

పాలపుంతను మనం ఉర్దూలో కహ్‌కషాన్ అంటాము. మన పాలపుంతకు అవతల ఉన్న ఆండ్రోమెడాను 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్రాల గ్రంథంలో చిన్న మబ్బు అని రాసిపెట్టాడు. అద్దం లేదు, గొట్టం లేదు, ఉత్త కన్ను. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో కహ్‌కషాన్ అని తేలటానికి ఇంకా 960 ఏళ్లు పట్టింది. చూసింది చూసినట్లు రాసినందుకే ఆయన పేరు నిలిచింది. ఇప్పుడు 2021 డిసెంబరు 25న వెళ్లిన జేమ్స్ వెబ్ దూరదర్శిని, ఆరున్నర మీటర్ల అద్దంతో, ఐదు పొరల గొడుగు నీడలో, మైనస్ 220 డిగ్రీల కంటే చల్లగా ఉండి చూస్తున్నది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. దానికి 30 కోట్ల ఏళ్లు కూడా నిండని నాడు బయలుదేరిన వెలుగును అది పట్టుకున్నది. నిన్నటి ఉత్తరం నేడు అందినట్లు, అంత పాత ఉత్తరం ఇప్పుడు అందింది.

పెద్దలారా, ఇక్కడ ఒక మాట వస్తుందని మాకు తెలుసు. మాస్టరుగారూ, మనకు అద్దె కట్టటమే కష్టం, నక్షత్రాలతో ఏం పని అంటారు. న్యాయమైన ప్రశ్న. మీ జేబుల్లో ఉన్న ఫోను తీయండి. దానిలో ఫొటో తీసే చిన్న చిప్పు, 1990 దశకంలో అంతరిక్ష నౌకల కెమెరాలు చిన్నవి చేయాలని జరిగిన పరిశోధనలో రూపుదిద్దుకున్నదే. మంగళయాన్‌కు అయిన ఖర్చు సుమారు 450 కోట్లు. ఏటా మన పెళ్లిమండపాల దీపాలకు, వలీమా విందులకు ఎంత అవుతున్నదో లెక్క వేసినవారు లేరు. వేస్తే నక్షత్రాలను ఎవరూ ఆడిపోసుకోరు.

అసలు ప్రయోజనం ఇంకొకటి ఉంది. ఇవ్వాళ రాత్రి ప్రమాదకరమైన కిరణాలు భూమి పక్కగా పోతాయి, ఫోన్లు ఆర్పేయండి అని ఫోనులోనే కబురు వస్తుంది. అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడని ఆగస్టు నెలలో ఇంకో కబురు. చదువుకున్నవారు కూడా పదిమందికి పంపుతారు. ఎవరు చూశారు, దేనితో చూశారు, మళ్లీ చూస్తే అదే కనిపిస్తుందా అని అడిగే అలవాటు ఉంటే ఇవి మన గుమ్మం దాటవు. ఆ అలవాటు పేరే శాస్త్రం. ఆ అలవాటు ఉన్న పిల్లవాణ్ని వడ్డీ వ్యాపారి మోసం చేయలేడు, మందుల దుకాణంవాడు మోసం చేయలేడు.

ఇప్పుడు మా మనసులోని బాధ చెబుతాము. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఈ సంగతులన్నీ విని, సార్, ఇవి ఉర్దూ మీడియంవాళ్లు కూడా చేయవచ్చా అని అడిగింది. ఆ ప్రశ్నలో ఎంత దిగులున్నదో చూడండి. పదవ తరగతి తర్వాత మీడియం మారుతుంది, మాటలు మారతాయి. తెలివైన పిల్లలు కూడా సైన్సు గ్రూపు మానేస్తారు. మగపిల్లవాడు గ్యారేజీకి పోతాడు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటుంది. తెలివి లేక కాదు, మాట తెలియక.

ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ చెబుతాము. ఇదే నగరంలో 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలు మొదలుపెట్టినప్పుడు పై చదువులు ఉర్దూలోనే చెప్పింది. శాస్త్ర గ్రంథాలు తర్జుమా చేయటానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టారు. నిజామియా వేధశాల ఆ విశ్వవిద్యాలయం కిందనే నడిచింది. ఇక నేటి మాట. ఆదిత్య-ఎల్1 ప్రాజెక్టు డైరెక్టరుగా పనిచేసినవారు నిగార్ షాజీ. తమిళనాడులో సెంగోట్టై అనే చిన్న ఊరిలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఊరిలోని ప్రభుత్వ బాలికల పాఠశాలలో చదివి, తిరునెల్వేలిలో ఇంజనీరింగు చేసి, 1987లో ఇస్రోలో చేరారు. ఆమెను చదివించిన తల్లిదండ్రులు ఆనాడు సూర్యుణ్ని తలచుకొని చదివించలేదు. మధ్యలో ఆపలేదు, అంతే.

కాబట్టి సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, పదవ తరగతి పాసైన పిల్లలకు వేసవి సెలవుల్లో రెండు నెలలు మాటల తరగతి పెట్టండి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో శాస్త్రపు మాటలు నేర్పితే ఇంటరులో సగం భయం పోతుంది. చెప్పటానికి మేము జీతం లేకుండా వస్తాము. రెండు, స్కాలర్‌షిప్పుల్లో సైన్సు తీసుకునే ఆడపిల్లలకు ఒక వాటా వేరుగా పెట్టండి. మూడు, ఏడాదికి ఒక్కసారి పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియంకు తీసుకుపోండి. ఒక మంచి బైనాక్యులరు కొని చదువుగదిలో ఉంచండి. మేడ మీద చేతులు కదలకుండా ఆనించి చూస్తే బృహస్పతి పక్కన నాలుగు చుక్కలు కనిపిస్తాయి. గెలీలియో చూసినవి అవే.

తల్లిదండ్రులకు విన్నపం ఒక్కటే. పిల్లవాడు రాత్రి మేడ మీద నిలబడి అదేమిటని అడిగితే, పోయి పడుకో అనకండి. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే రేపు మీ సారును అడుగు అనండి. మేము ఉన్నాము.